ఒండ్రు కట్టిన చాటు

చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. యానాం ఏటిగట్టు మెట్లు దిగితే పిక్కల దాకా ఒండ్రు. పడవ పది గజాల దూరంలోనే ఉంది కానీ పోటు ఇంకా నిండలేదు. అది మీ దగ్గరికి రాలేదు, మీరే వెళ్ళాలి. సరంగు చెయ్యి అందిస్తాడు. "అంచు మీద కాలెయ్యకండి బాబూ, బల్ల మీద ఎయ్యండి. ఆఁ, అలాగ." మీ బరువుకి పడవ ఓ పక్కకి ఒరిగి సర్దుకుంటుంది. ఆయన భార్య నవ్వు ఆపుకుంటూ సత్తుచెంబుతో నీళ్ళు ముంచి మీ కాళ్ళ మీద పోస్తుంది. ఒండ్రు కాళ్ళతో ఈ పడవలో తిరగడానికి వీల్లేదు. ఇది వాళ్ళ ఇల్లు.

మాటవరసకి ఇల్లు అనలేదు. తాళ్ళరేవు మండలంలో, పోలేకుర్రు వైపు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వారాల తరబడి పడవ మీదే ఉండి వేటాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పిల్లలు ఊళ్ళో అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండి బడికి వెళతారు. మీరెక్కిన నావ పాతికడుగులు ఉంటుంది. అడుగు దాదాపు చదును, ఒంటినిండా డాంబరు. మధ్యలో నీలం టార్పాలిన్ గూడు, దాని కింద బియ్యం డబ్బా, మంచినీళ్ళ టిన్నులు, ఇసుక పోసిన చెక్కపెట్టె మీద మట్టిపొయ్యి. వెనక డీజిలు ఇంజను. ముందు ఒక వెదురు కొయ్య, దానికి చుట్టిన తెరచాప. సంచులు విప్పి, ఒకదానికొకటి కుట్టిన చాప అది. విప్పినప్పుడు '50 కేజీలు' అన్న అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి.

నిన్న చొల్లంగి అమావాస్య. కాకినాడ దక్షిణాన చొల్లంగి దగ్గర, తుల్యభాగ సముద్రంలో కలిసేచోట, జనం తెల్లవారకముందే స్నానాలకి దిగారు. గోదావరి ఏడు పాయలనీ ఏడుగురు ఋషులతో ముడిపెడతారు. పుష్య బహుళ అమావాస్యకి చొల్లంగిలో మొదటి మునక వేసి, కోరంగి దగ్గర ఆత్రేయలో, ఆ తరువాత గౌతమిలో, ఇలా ఒక్కో సాగరసంగమానికీ వెళుతూ భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేదిలో వశిష్ఠ దగ్గర ముగిస్తే సప్తసాగర యాత్ర. ఇప్పుడు బస్సుల్లో, కార్లలో తిరిగేవాళ్ళే ఎక్కువ. నీటి మీద రేవు నుంచి రేవుకి తిరగడం మనకి కొత్త సరదా ఏమీ కాదని చెప్పడానికే ఈ మాట. మనం మాత్రం ఆ దారి పట్టడం లేదు. గౌతమిలో కిందికి దిగి, గాడేరు అనే పాయలోకి మళ్ళి, మడ అడవిలో ఒక రాత్రి ఉండి, రేపు కాకినాడ అఖాతంలో తేలతాం.

తొమ్మిది దాటుతుంది. మెట్ల పక్కన తేలుతున్న కొబ్బరిడొక్క ఎటూ కదలకుండా నిలబడిపోతుంది. సరంగు దాన్నే చూస్తున్నాడు. డొక్క మెల్లగా సముద్రం వైపు తిరగ్గానే గెడ తీసి ఒక్క తోపు తోస్తాడు. పోటు అయిపోయింది, ఇక పాటు. మధ్యాహ్నం దాకా నీరే లాక్కుపోతుంది.

నేల వైపు నుంచి వచ్చే గాలి ఇంకా చల్లగా ఉంది. చాప విప్పుతారు. మొదట అది పటపటా కొట్టుకుంటుంది, తాడు బిగించగానే నోరు మూసుకుంటుంది. ఆ తరువాత మీరు గమనించేది నిశ్శబ్దం కూడా కాదు, చిన్న చిన్న చప్పుళ్ళు: ముక్కు కింద నీళ్ళ గలగల, చుక్కాని కొయ్య కిర్రుమనడం, గూడులో గిన్నెమీద గరిట. వెనక బాలయోగి వారధి సన్నబడిపోతుంది. కుడివైపు కోనసీమ కొబ్బరితోటలు ఒకే గీతగా మిగులుతాయి. ఎడమవైపు, యానాం దాటీ దాటకముందే, ఒక పాయ ఉత్తరానికి చీలిపోతుంది. అదే కోరంగి ఏరు. తాళ్ళరేవు, కోరంగి ఊళ్ళ పక్కనుంచి పాతిక కిలోమీటర్లు వంకర్లు తిరిగి అఖాతంలో పడుతుంది. ఒకప్పుడు సముద్రపు ఓడలు ఆ దారినే వచ్చేవి. ఇప్పుడు దాని మొగలోకి మన నావ వెళ్ళాలన్నా సరంగు పోటు లెక్క చూసుకోవాలి.

పదకొండు అయ్యేసరికి ఆ నేలగాలి చచ్చిపోతుంది. చాప వేలాడుతుంది. ఒక పావుగంట ఏ గాలీ ఉండదు, ఎండ నెత్తి మీద, నీరు అద్దం. తరవాత తూర్పునుంచి, ఎదురుగా, ఉప్పు వాసనతో సముద్రపు గాలి మొదలవుతుంది. ఎదురుగాలికి ఈ చదునడుగు నావ చాప మీద నడవదు, పక్కకి జారిపోతుంది. అందుకే మొహమాటం లేకుండా ఇంజను వేస్తారు. తెరచాప ప్రయాణాల మీద మోజున్నవాళ్ళకి ఇది కొంచెం నిరాశే. డీజిలు మిగిల్చినంతసేపు చాప, చాప పని చెయ్యని పూట డీజిలు, అంతే వాళ్ళ సిద్ధాంతం. అందులో నాకు తప్పేమీ కనిపించదు.

భైరవపాలెం దగ్గరికి వచ్చేసరికి నీటి రంగు మారుతుంది. పాలు ఎక్కువైన టీ రంగు పోయి బూడిద పచ్చన. దూరంగా తెల్లటి గీత ఒకటి కనబడుతుంది, కాసేపటికి దాని మోత వినిపిస్తుంది. గౌతమి మొగ. నది తెచ్చిన ఇసుకా, సముద్రం తోసిన ఇసుకా ఎదురుబొదురై కట్టిన అడ్డదిబ్బల మీద అలలు విరుగుతున్నాయి. సరంగు వేలితో చూపిస్తాడు: "పోయినేడు దారి అటుండేదండి. వరదొచ్చి మూసేసింది. ఇప్పుడు ఇటు. వచ్చే ఏడు ఎటో దేవుడికెరుక." కాగితం మీద అచ్చయిన పటం ఇక్కడ ఏడాది తిరక్కుండానే పాతబడుతుంది. ఆయన పటం వేరు: గాడిమొగ వైపు గ్యాస్ టెర్మినల్ గొట్టం ఎక్కడ కనిపిస్తోంది, ఫలానా తాడిచెట్టుకి అది ఎంత ఎడమగా ఉంది, అంతే. 2009లో సముద్రంలోని కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ గాడిమొగ ఒడ్డుకి రావడం మొదలైంది. అప్పటినుంచీ రాత్రిపూట ఆ దీపాలు చూసి దారి పట్టే పడవలకి కొదవలేదు. ఎవరూ ఉద్దేశించని దీపస్తంభం!

సముద్రంలోకి మనం వెళ్ళం. ఎడమకి, గాడేరు మూతి దగ్గర, దిబ్బ చాటున గెడ పాతి ఆగుతాం. పాటు పూర్తిగా దిగింది. గాడేరు వాకిట్లో ఇప్పుడు చీలమండ లోతు కూడా లేదు, కొంగలు నడుస్తున్నాయి. మూడు గంటలు కాచుకోవాలి.

ఈ కాచుకోవడమే ఇక్కడి ప్రయాణం. మధ్యధరా సముద్రంలో, గ్రీకు దీవుల మధ్య, వేసవిలో డబ్బున్నవాళ్ళు తెల్ల తెరచాపల యాట్‌లలో తిరుగుతారు. అక్కడ చాటు అంటే కొండ. ఉత్తరాన్నుంచి మెల్టెమి గాలి విసురుతుంటే రాతి ముక్కు చుట్టి లోపలి మడుగులోకి పోయి లంగరు వేస్తే సరి, రెండువేల ఏళ్ళ కిందట వేసినవాడికీ ఆ మడుగు అక్కడే ఉంది. ఆటుపోట్లు అక్కడ దాదాపు లేనట్టే. ఏ వేళకైనా వెళ్ళచ్చు, ఏ వేళకైనా రావచ్చు. మనకి ఈ తీరాన రాయి లేదు. ధవళేశ్వరం దాటాక నదికి చేతికందేది ఒండ్రూ ఇసుకే. ఆ రెంటితోనే అది రేవులు కడుతుంది, ఆ రెంటితోనే పూడుస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు నాలుగైదడుగులు ఎక్కి దిగే చోట, తలుపు రోజుకి రెండుసార్లు తెరుచుకుని రెండుసార్లు మూసుకుంటుంది.

ఆవిడ ఈలోగా కొయ్యింగ చేపలు తోముతుంది. చింతపండు పులుసు, ఊరిమిరపకాయ, పొద్దుటి అన్నం. పొయ్యిలో తాటిమట్టలు. గాలికి పొగ మీ కళ్ళలోకే వస్తుంది, ఎటు జరిగినా సరే. "పొగ సుట్టాల్ని ఒదల్దండి" అంటుంది. మీరు రెండోసారి అన్నం పెట్టించుకుంటారు.

నాలుగున్నరకి కొంగలు లేచిపోతాయి. గెడ పీకి, ఇంజను ఆపి, పోటుతోపాటే లోపలికి జారతాం.

వంద గజాలకే సముద్రపు మోత తెగిపోతుంది. రెండువైపులా మడచెట్లు. గట్టంతా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరివేళ్ళు, వాటి మధ్య బురదలో గెంతే చిన్న చేపలు, ఒంటిపెద్ద చెయ్యి ఊపే ఎర్ర పీతలు. కాస్త లోపల ఉప్పుపొన్న చెట్టు కర్రకాళ్ళ మీద నిలబడ్డట్టు వేళ్ళ మీద నిలబడుతుంది. చెయ్యి చాస్తే మడ ఆకు అందుతుంది. నాలికతో తాకి చూడండి: ఉప్పు. చెట్టు తాగిన ఉప్పుని ఆకు మీద చెమటగా కక్కేస్తుంది. ఆ పక్కన ఎర్రబారుతున్న ఆకుల చెట్టు జోలికి మాత్రం పోకండి. అది తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఇక్కడ పిల్లలకి నడక కన్నా ముందు నేర్పుతారు.

ఇదంతా కోరింగ అభయారణ్యం. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. బయటివాళ్ళు రావాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మీ కాగితం చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో ఉంది, చెమటకి తడవకుండా చూసుకోండి. వంపు తిరిగేచోట ఒడ్డున ఏదో తడి బుర్ర కనబడి మాయమవుతుంది. నీటికుక్క. బావురుపిల్లి కోసం మీరు కళ్ళు కాయలు కాసేలా చూస్తారు, అది కనబడదు. ఒడ్డున పాదాల గుర్తులు మాత్రం చూపిస్తాడు సరంగు, కొత్తవే.

చీకటి పడేముందు ఒక పిల్లకాలువలోకి ముక్కు తిప్పుతాడు. మనిషి తెలియనివాడైతే దాటిపోయే సందు. ఇక్కడ లంగరు వెయ్యరు. పడవ చుట్టుపక్కల తిరగడానికి చోటు లేదు, పైగా ఈ మెత్తని ఒండ్రులో చిన్న లంగరు గట్టిగా పట్టదు. ముందొకటి వెనకొకటి రెండు గెడలు నిలువునా గుచ్చి, ఇద్దరూ వేలాడి ఊపి ఊపి దింపుతారు. మనిషి ఎత్తు లోపలికి పోతుంది గెడ. తాడు బిగుతుగా కాకుండా, జారే ముడి వేస్తారు. నీరు ఎక్కితే ముడి ఎక్కాలి, దిగితే దిగాలి. బిగించి కట్టిన పడవని పాటు వేళ గెడే వేలాడదీస్తుంది.

అమావాస్య మర్నాటి చీకటి. పిల్లలకోడి నడినెత్తికి వస్తుంది. నీళ్ళలో చెయ్యి పెట్టి కదిపితే వేళ్ళ చుట్టూ సన్నని ఆకుపచ్చ వెలుగు, కంటికి కనపడని సూక్ష్మజీవులవి. దక్షిణాన గాడిమొగ దీపాల కాంతి మేఘం అడుగున పడుతోంది. దోమలు ఉంటాయి, లేవని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. వేపాకు పొగ వేసినా కొన్ని నిలబడతాయి.

ఇలాంటి రాత్రే కోరంగి గురించి మాట్లాడాలి. మనం పడుకున్న చోటికి నేరుగా పడమట ఉంది ఆ ఊరు. తాళ్ళరేవు పోయే బస్సులో కూర్చుంటే కన్ను మూసి తెరిచేలోగా దాటిపోతుంది. రెండువందల ఏళ్ళ కిందట కలకత్తాకీ సింహళంలోని తిరుకోణమలకీ మధ్య పెద్ద ఓడని ఒడ్డుకి చేర్చి బాగుచేసుకోగల రేవు ఈ తీరమంతటికీ అదొక్కటే. నది లోపల, గాలికి చాటు, మెత్తటి అడుగు. ఇక్కడినుంచి రంగూన్‌కి ఓడలెక్కినవాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాడు ఏ ఊరివాడైనా కోరంగీయే. అయితే కొండ లేని చాటు గాలిని ఆపుతుంది గాని సముద్రాన్ని ఆపదు. 1789 డిసెంబరులో ఒకదాని వెంట ఒకటి మూడు పెద్ద అలలు ఊరి మీదికి వచ్చాయి. మళ్ళీ లేచింది ఊరు. 1839 నవంబరు 25న నలభై అడుగుల ఉప్పెన. చచ్చినవాళ్ళ సంఖ్య పుస్తకానికో తీరుగా ఉంటుంది, ఒకదాన్నుంచి ఒకటి ఎత్తి రాసుకున్నవే ఎక్కువ. నేను ఆ అంకెల్లోకి పోను. ఉప్పెన చంపగా మిగిలినదాన్ని ఒండ్రు చంపింది. మొగ పూడిపోయింది, ఓడలు రావడం మానేశాయి. తాళ్ళరేవు వడ్రంగులు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం సముద్రపు తెరచాప ఓడలు కడుతూనే ఉన్నారు.

సరంగుకి 1839 తెలియదు. 1996 తెలుసు. ఆ నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా, ఈ మొగల దగ్గరే తీరం దాటింది. అప్పటికి ఆయన కుర్రాడు. "మా నాన్న ఇలాంటి సందులోనే పడవ దూర్చి, చెట్లకి నాలుగు మోకులు కట్టాడండి. పొద్దునకి పడవ చెట్ల మీదుంది. మేం ఉన్నాం." ఇంకేమీ చెప్పడు. బయట సముద్రంలో ఉన్నవాళ్ళ సంగతి మీరూ అడగరు.

తెల్లారగట్ల పడవ ఒరుగుతుంది. ఉలిక్కిపడి లేవకండి. నీరు దిగి నావ బురద మీద కూర్చుంది, అంతే. చదునడుగు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది, యాట్‌కున్నలాంటి లోతైన వెన్ను ఉంటే ఈపాటికి మనం పక్కకి దొర్లి ఉండేవాళ్ళం. ఆవిడ ఆ వేళప్పుడే టార్చిలైటుతో దిగి, మోకాలి లోతున నడుస్తూ, నిన్న వేసిన బుట్టలు ఎత్తి చూస్తుంది. మండపీతలు. ఒక్కోదాన్నీ వెనకనుంచి అదిమి, డెక్కలు ముడిచి, తాడుతో కట్టేసి తడిగోనెలో వేస్తుంది. ఒక్కోదానికి పది సెకన్లు పట్టదు. మీరు సాయం చెయ్యబోతే "వద్దండి, ఏళ్ళు కావాలి కదండి మీకు" అంటుంది.

గాడేరు మొత్తం పొడవు పదకొండు కిలోమీటర్ల చిల్లర. పొద్దు బాగా ఎక్కి పోటు నిండేవేళకి ఉత్తరపు మూతి దగ్గరుంటాం. చెట్లు ఉన్నట్టుండి అయిపోతాయి. ఎదురుగా ఏమీ లేదు, తెల్లటి నీళ్ళు, అంతే. కాకినాడ అఖాతం. మీరు సముద్రం అనుకుంటారు, కానీ అల లేదు. నడుం లోతు నీళ్ళలో, ఒడ్డుకి కిలోమీటరు దూరాన, మనుషులు నిలబడి కాళ్ళతో అడుగు తడుముతున్నారు. బుడితలు ఏరుతున్నారు. మాంసం ఒక దారిన పోతుంది, గుల్ల సున్నపు బట్టీకి పోతుంది. వాళ్ళ వెనక తేలుతున్న అల్యూమినియం గిన్నెలు నడుముకి తాడుతో కట్టి ఉంటాయి.

గాలి పడమటి నుంచి ఇంకా కొంచెం మిగిలింది. చాప విప్పుతారు, ఈసారి పక్కగాలి. నావ ఒంగి, నిన్నటి కన్నా జోరుగా పరిగెడుతుంది. కుడివైపు దూరంగా ఒక సన్నని పసుపుపచ్చ గీత, దాని మీద సరుగుడు చెట్లు. అదే హోప్ ఐలాండ్. పేరుకి దీవి గాని, గౌతమి వైపు నుంచి ఉత్తరానికి పెరుగుతూ పోయిన ఇసుకనాలిక, పొడవు 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నైరుతి రుతుపవనాల అలలు నది మొగల దగ్గరి ఇసుకని ఉత్తరానికి తోస్తాయి, అది ఏటేటా ఇక్కడ చేరుతుంది. రెండు శతాబ్దాల కిందట ఈ దిబ్బ ఈ రూపంలో లేదు. కోరంగిని పూడ్చిన చేత్తోనే నది దీన్ని కట్టింది. కాకినాడ రేవు కాకినాడ అయింది ఈ దిబ్బ చాటునే. 1861–65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకి పత్తి కరువైనప్పుడు గోదావరి కాలవల మీద దిగిన పత్తి ఇక్కడే ఓడలెక్కింది.

దగ్గరికి పోయి చూద్దాం, కాళ్ళు మాత్రం పెట్టం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అవతలి ఒడ్డున గుడ్లు పెట్టే కాలం. ఇసుక దిబ్బకి ఇవతల నీరు నూనె రాసినట్టు ఉంది, అవతల బంగాళాఖాతం మోగుతోంది. మధ్యలో ఉన్నది ఇసుకే. ఈలోగా తూర్పుగాలి లేస్తుంది. ఇక్కడ మాత్రం అది దిబ్బ మీంచి వచ్చి చాపని నింపుతుంది గాని అలని తేలేదు. నిన్న ఎదురైన గాలే ఇవాళ మనకి పనికొచ్చింది.

ఉత్తరాన ఓడలు కనబడతాయి. 1997లో లోతు రేవు వచ్చాక పెద్ద ఓడలు గట్టు పక్కకే వస్తున్నాయి. ఇంకా కొన్ని మాత్రం అఖాతంలోనే లంగరేసి, బార్జీల మీద వచ్చే బియ్యం బస్తాల కోసం నిలబడతాయి. ఒక దానికి అరఫర్లాంగు దూరంగా పోతాం. ఇనుప గోడ మీద కూచుని ఎవరో పళ్ళు తోముకుంటున్నాడు, మీకు చెయ్యి ఊపుతాడు.

ఈ చాటుకి ఖరీదు చెల్లించేవాళ్ళు వేరే ఉన్నారు. ఇసుక ఇక్కడ ఆగిపోతే ఉత్తరాన ఉప్పాడకి అందదు. అక్కడ సముద్రం ఇళ్ళనీ రోడ్డునీ కోస్తూ వస్తోంది. ఎన్నిసార్లు రాళ్ళు పోసినా కాకినాడ–ఉప్పాడ బీచి రోడ్డు మళ్ళీ మళ్ళీ తెగుతోంది. హోప్ ఐలాండ్ ఒక్కటే కారణం కాదు. రేవు గోడలున్నాయి, పైన నది మీద ఆనకట్టలు ఒండ్రుని పట్టుకున్నాయి. కానీ ఉప్పాడ వాళ్ళతో కాకినాడ రేవు అదృష్టం గురించి మాట్లాడేటప్పుడు మీ గొంతు కొంచెం తగ్గించండి.

జగన్నాథపురం కాలువ మూతి దగ్గర పడవల రద్దీ. పాటు మొదలైంది, లోపల నీరు పల్చబడకముందే దూరాలని అందరికీ తొందర. చాప చుట్టేశారు, ఇంజను దగ్గుతోంది. పక్క నావ అంచు మన అంచుకి రాసుకుంటుంది, రెండు పడవల నుంచీ తిట్లు, వెంటనే నవ్వులు. గట్టున ఐసు మర వాసన, డీజిలు, ఎండుచేప. గోనె ఇంకా దింపకముందే పీతల కొనుగోలుదారు తాసు పట్టుకొచ్చాడు. ఆవిడ గోనె మీద కాలేసి నిలబడింది. "నిన్నటి రేటు చెప్పకయ్యా, నిన్న అమాస వెళ్ళిన రోజు, పీత లేదు. ఇయ్యాల చెప్పు." సరంగు ఆ గొడవలోకి పోడు, డీజిలు డబ్బా పుచ్చుకుని గట్టెక్కాడు.

మీరు చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ బేరం ఆపి, ఇటు తిరిగి అరుస్తుంది: "తిరిగి యానాం ఎల్తారేటండి? రేపు పదకొండుకి నిండుతాదండి పోటు. దానికి ముందే వచ్చెయ్యండి, ఆగవండి మేం!"